బావ గొంతుకి హార్డ్‌లైన్

జూన్ 3

ఇవాళ మా కేబుల్ టీవీ యార్డు ఖాళీ చేయిస్తున్నారు. ఇకమీదట ఊరంతా ఫైబరు, అంటే గాజుతీగేనట. మా పాత ట్రంకు కేబులు చుట్టలు చుట్టలుగా గోడవార పడి ఉంది, రిటైరైన మేనేజరులాగా. ఎవడూ పలకరించడు, అది అడ్డం మాత్రం తొలగదు.

ఆ తీగ నా జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ నేను భుజాన మోసిందే. బొటనవేలంత లావు. పైన అల్యూమినియం గొట్టం, లోపల తెల్లటి నురగ, నడిమధ్య రాగిపూత కడ్డీ. మేం హార్డ్‌లైన్ అంటాం. దాన్ని వంచాలంటే బతిమాలాలి. తొందరపడితే నలుగుతుంది, ఒకసారి నలిగిందా, మళ్లీ సాపు కాదు. మా ఆవిడ లాంటిదని ఓనరుతో అన్నాను. "మీ ఆవిడ నంబరు నా ఫోన్లో ఉందిరోయ్" అన్నాడు. వెంటనే వానల గురించి మాట్లాడాను.

రేపు తుక్కువాడు వస్తాడు. "ముందే ఎవడైనా పట్టుకుపోతే వాడికో దండం" అన్నాడు ఓనరు.

బావ రేడియో గుర్తొచ్చింది.

జూన్ 4

తుక్కువాడికంటే ముందు వెళ్లాను. రెండు పెద్ద చుట్టలు, ఆటోవాడి తిట్లతో సహా, ఇంటికి చేరాయి.

జూన్ 6

చుట్టలు అక్క వాళ్లింట్లో దించాను. అక్క గుమ్మంలోనే నిలబడి చూసింది.

"ఏంట్రా ఈ కొండచిలువలు?"

"బావకి కొత్త తీగ."

"మీ బావ గోడతో కాపురం పెట్టాడు. నేను పక్కింటిదాన్నైపోయాను. ఇంక నీ తీగెవరికి?"

బావ బస్టాండులో అనౌన్సరు. ఊరికి ఊరే ఆ గొంతు విని బస్సెక్కింది. తప్పు బస్సెక్కినవాడు కూడా "చెప్పిన తీరు బాగుంది, ఎక్కేశాను" అనేవాడు. కిందటేడు గొంతులో గడ్డ వచ్చింది. ప్రాణం దక్కించి, మాటపెట్టె తీసేశారు. ఇప్పుడు మెడ కింద చిన్న కన్నం, దాని మీద గుడ్డముక్క. మొదట్లో పలక మీద రాసేవాడు. తర్వాత "కాఫీ", "నిద్ర" అని ఒక్కో మాటే రాసేవాడు. ఇప్పుడు అదీ లేదు. స్నేహితులొస్తే గుమ్మంలోంచే పంపెయ్యమని అక్కకి సైగ చేస్తాడు. ఫోను బీరువాలో పడేశాడు. డాక్టరు అక్కతో అన్నాడట, ఇలా మూసుకుపోయిన మనిషి గొంతు పోయినందుకు కాదు, దీనికి పోతాడని.

ఆయనకి ఒకే పిచ్చి, రేడియో. పాటలు వినేది కాదు, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో. సొంత సెట్టు, లైసెన్సు, డాబా మీద కాకుండా వెనకవైపు నీళ్ల ట్యాంకు మీద ఏరియల్. రోజూ పొద్దున ఒక గుంపు సెట్ల మీద కలుస్తుంది. ఒకాయన పేరుపేరునా హాజరు పిలుస్తాడు, వీళ్లు పలుకుతారు. ఆపరేషనయ్యాక బావ పలకలేదు. పైగా ఏరియల్ దాకా వేసిన సన్నతీగ పాతబడి, వచ్చిన మాటలో సగం దారిలోనే తాగేస్తోంది. అంటే మాట్లాడనూ లేదు, విననూ లేదు.

ఆయన గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఊరికే అడిగితే పలకడని నాకు తెలుసు. తప్పు కూస్తే పలుకుతాడు.

"బావా, ఈ తీగ నీ సెట్టుకి అచ్చంగా సరిపోతుంది. నేను కనుక్కున్నాను. తీగలన్నీ ఒకటేనట."

వీపు కొంచెం కదిలింది.

"లావుగా ఉంది కాబట్టి ఎంత పొడుగున్నా పరవాలేదట. నేనైతే కొలవకుండా కోసేస్తాను."

ఇటు తిరిగాడు. పలక తీసుకున్నాడు. సుద్ద విరిగేలా రాశాడు: ఇది 75 ఓమ్స్. నాది 50.

"పాతిక తేడా. కూరగాయల బేరంలో వదిలేస్తాం."

గాడిద, అని రాశాడు. అక్క వంటింట్లోంచి వచ్చి ఆ మాట చదివి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అన్నాళ్ల తర్వాత భర్త రాసిన మొదటి పెద్దమాట అది.

తర్వాత బావ లెక్కలు వేశాడు. నాకర్థమైంది ఇంత: అలలో సగం పొడవు ఎంతో కనుక్కుని, దానికి సరిగ్గా ఇన్ని రెట్లు అని తీగ కోస్తే, ఆ 75 పక్కకి తప్పుకుంటుంది. ఇటు నుంచి చూస్తే అటు చివరున్న ఏరియలే కనిపిస్తుంది, మధ్యలో తీగ ఉన్నట్టే తెలీదు. మంచి మధ్యవర్తిలాగా. అయితే నురగలో అల నడక వేరట, దానికో లెక్క. చివరికి పొడవు రాసి, కింద గీత గీసి, "ఒక్క వేలు ఎక్కువైనా నీ వేలు కోస్తాను" అని రాశాడు.

జూన్ 7

పొద్దుణ్నించీ పనే. తీగని గోడవెంట పాకించి, మలుపు దగ్గర పాత బకెట్టుకి ఆనించి మెల్లగా వంచి, ట్యాంకు మీదికెక్కించాను. బావ కుర్చీ వేసుకుని కింద కూర్చున్నాడు. తప్పు చేస్తే చప్పట్లు కొట్టాలని ఒప్పందం. చప్పట్లు బాగా పడ్డాయి. పక్కింటాయన ఏదో సన్మానం అనుకుని తొంగిచూశాడు.

ఇంత లావు తీగకి సెట్టు ప్లగ్గు పట్టదు. కుళాయి సామాన్ల కొట్టుకెళ్లి ఇత్తడి నట్టు, లోపలి ఉంగరం తెచ్చి బిగించాను. "ఏ కుళాయికి?" అన్నాడు కొట్టువాడు. "మాటలొచ్చే కుళాయికి" అన్నాను. అల్యూమినియానికి వాన తగిలితే తెల్లబూజు పడుతుంది, జాయింటుకి గ్రీజు దట్టించి టేపు చుట్టాను. నా పని నాకు తెలుసు.

ట్యాంకు మీద, ఏరియల్ మొదట్లో, సిగ్నలు పెంచే బూస్టరు కూడా ఒకటి పెట్టేశాను. మా లైన్లో పొడుగు తీగ వేసి బూస్టరు పెట్టకపోతే అన్నం వండి ఉప్పు మరిచిపోయినట్టే. అరచేతిలో పట్టే డబ్బా, సంచిలో ఎప్పుడూ ఉంటుంది. మోటారు గదిలోంచి కరెంటిచ్చాను. చిన్న ఎర్రదీపం వెలిగింది.

బావకి చెప్పలేదు. చెబితే పలక మీద ఉపన్యాసమిస్తాడు. రేపు వినిపించాక చూసుకుందాం ఆయన మొహం.

జూన్ 8

ఏమి వినపడిందో రాస్తే ఎవరూ నమ్మరు, అందుకే నాకోసం రాసుకుంటున్నాను.

పొద్దున గుంపు మొదలైంది. హాజరు పిలిచే పెద్దాయన ఒకప్పుడు సైన్యంలో సిగ్నలు పని చేశాడు. ఈ ఊళ్లో చుక్క-గీత మోర్స్ కోడ్ వచ్చినవాళ్లు ఇద్దరే, ఆయన, ఆయన దగ్గర నేర్చుకున్న బావ. ఆయన గొంతు సెట్టులోంచి ఎంత తేటగా వచ్చిందంటే, పళ్లసెట్టు కదలడం కూడా వినపడింది. తర్వాత టైలరు, మందులషాపతను, ఇంకెవరో. అందరూ గదిలో చాప మీద కూర్చున్నట్టే ఉంది.

బావ మొహం చూశాను. నోరు కొంచెం తెరుచుకుంది. చెయ్యి అలవాటుగా మైకు మీదికి వెళ్లి, గుర్తొచ్చి, వెనక్కొచ్చింది. ఆ వెనక్కి రావడం నాకు నచ్చలేదు.

ఇంతలో పెద్దాయన బావ పేరు పిలిచాడు. ఇన్నాళ్లూ రోజూ పిలుస్తూనే ఉన్నాడన్నమాట.

బావ అరలోంచి కోడ్ కొట్టే మీట తీశాడు, కీ అంటారు. నొక్కితే కూతపెట్టే చిన్న పెట్టెని దానికి తగిలించాడు. నుదుట చెమట. నొక్కాడు. కూ-కూ, కూ. అలా కాసేపు. చెయ్యి తీసి, సెట్టువైపు వంగి విన్నాడు.

"లేరు" అన్నాడు పెద్దాయన. "సరే, తర్వాత మన టైలరు..."

మొదటిరోజు కదా. వినలేదేమో.

జూన్ 9

ఇవాళ బావ ముందుగానే సిద్ధంగా కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు. అక్క గమనించి నాకు సైగ చేసింది.

పేరు పిలవగానే పంపాడు. ఆగి మళ్లీ పంపాడు. మీటర్లో ముల్లు చూశాడు, ముల్లు పద్ధతిగానే ఉంది. అంటే పంపింది తీగలోకి వెళుతోంది, వెనక్కి రావడంలేదు.

"లేరు. తర్వాత..."

పెద్దాయనకి చెవుడొచ్చి ఉంటుంది. ఆ వయసుకి సహజం. నా లైను బాగుంది.

జూన్ 10

ఇవాళా లేరన్నాడు. ట్యాంకెక్కి జాయింట్లు చూశాను. గ్రీజు గ్రీజులాగే ఉంది, ఎర్రదీపం వెలుగుతోంది. నా లైను బాగుంది.

జూన్ 11

నా లైను బాగుంది.

జూన్ 12

బావ సెట్టు మీద తువ్వాలు కప్పేశాడు.

నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి ఉన్నాడు. చాలాసేపు వాగాను. ఒకప్పుడు మా ఓనరు సినిమా చూస్తూ కూర్చుంటే, సరిగ్గా విలను తలుపు తీసేటప్పుడల్లా స్తంభం మీదనుంచి నేను లైను ఊడదీసిన సంగతి చెప్పాను. ఎవరికి చెప్పినా నవ్వే కథ. ఆయన నవ్వలేదు. చివరికి పలక తీసుకుని నెమ్మదిగా రాశాడు.

వాళ్లకి నా గొంతు కావాలి. నేను కాదు.

చెరిపేసి, పలక బీరువాలో, ఫోను పక్కన పెట్టేశాడు.

మొండి మనిషి. తీగ వేసిచ్చాం, మాటలు వినిపించాం, ఇంకేం చేస్తాం? ఎదుటివాళ్లు పలక్కపోతే అది వాళ్ల తప్పు. ఆ పెద్దాయన సంగతి తేల్చాలి. మనిషి గొంతు పోయాక, తను నేర్పిన కోడ్‌తో పిలిస్తే, విని కూడా "లేరు" అంటాడా? అలాంటివాణ్ని మా లైన్లో అయితే రాత్రికి రాత్రే చుక్కలు చూపించేవాణ్ని, టీవీలో.

జూన్ 13

మా ఆవిడ అంది: "ఏమండీ, మీరెళ్లి బాగుచెయ్యక ముందు వదినగారు 'పలకడం లేదు' అనేవారు. ఇప్పుడు 'తినడం లేదు' అంటున్నారు."

రేపు ఆ గుంపువాళ్ల సంగతి తేలుస్తాను.

జూన్ 14

టైలరు కొట్టుకి వెళ్లాను. పెద్దాయన ఊరి అవతల ఉంటాడు, టైలరైతే చేతికందుతాడు. వెళ్లగానే కాలరు పట్టుకున్నాను. అతనిది కాదు, అతను కుడుతున్న చొక్కాది. అది నా చేతికొచ్చింది.

"అయ్యో అన్నా! అది పెళ్లికొడుకు చొక్కా!"

"పెళ్లి ఆగదులే. ముందిది చెప్పు. మా బావ ఏం పాపం చేశాడు మీకు?"

"ఏ బావ?"

"ఎంతమంది బావలున్నారు నాకు? గొంతుంటే నెత్తిన పెట్టుకున్నారు. గొంతు పోతే 'లేరు, తర్వాత' అంటారా? మనిషి చెమటలు కక్కుతూ కీ నొక్కుతుంటే?"

టైలరు మిషను ఆపాడు. కళ్లద్దాలు తీశాడు.

"ఆయన నొక్కుతున్నాడా?"

"లేకపోతే నేనా?"

"అన్నా, మేం రోజూ పిలుస్తున్నాం. మెసేజీలు పెట్టాం, చూసినట్టు లేదు. ఇంటికొస్తే అక్కగారు గుమ్మంలోంచే పంపేశారు. ఆయనకి మేమంటే మొహం మొత్తిందేమో అనుకుని, పోనీలే, పేరు పిలవడం మాత్రం మానొద్దన్నాడు పెద్దాయన. ఆయన నొక్కితే పెద్దాయన వినడా? నిద్రలో కూడా లేచి రాసుకుంటాడు."

"మరి మీకేం వినపడదా?"

"ఏమీ..." అని ఆగాడు. "ఉండు. ఈ మధ్య, పేరు పిలిచాక, హోరు అడుగున ఏదో. పిచ్చుకపిల్ల గోడ అవతల కూసినట్టు. నా మిషను మోటారనుకుని, నూనె కూడా వేశాను."

పిచ్చుకపిల్ల.

బావ సెట్టు అంత పెద్దది కాదుగానీ, మూడు వీధుల అవతలున్న టైలరు దగ్గర పిచ్చుకపిల్ల ఎందుకవుతుంది? మాటలు రావడం చూస్తే పిడుగుల్లా వస్తున్నాయి. అదే తీగలోంచి పోవడం మాత్రం...

"ఒరేయ్, నా బుర్ర!" అని అరిచాను. కొట్టు ముందు కుక్క లేచి పారిపోయింది. నేనూ పరిగెత్తాను.

ఇక్కడ కొంచెం నింపాదిగా రాసుకోవాలి. మా కేబుల్లో మేం పోస్తాం, ఇళ్లు తాగుతాయి. అంతే. టీవీని తిట్టేవాడి తిట్టు స్తంభమెక్కి మాదాకా రాదు. అందుకని మా బూస్టరు ఒకవైపే తెరుచుకునే తలుపు. అటునుంచి వచ్చినదాన్ని పెద్దది చేసి ఇటు పంపుతుంది. ఇటునుంచి ఎవడైనా అటు మాట్లాడితే? మాట్లాడరు. మా వ్యాపారంలో ఎవరూ మాట్లాడరు. తిరుగు మాట ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఇన్నేళ్లు తీగలు లాగిన చెయ్యి, అలవాటుగా, బావ నోటికి మూతపెట్టి వచ్చింది.

సాయంత్రం వెలుగుండగానే ట్యాంకెక్కాను. డబ్బా చెయ్యి కాలేంత వేడిగా ఉంది. మూత తీస్తే కమురు వాసన, లోపల ఒక ముక్క నల్లబడింది. బావ పంపినదంతా ఇది మింగి కూర్చుంది. మీటరు ముల్లు పద్ధతిగా ఉందంటే ఉండదూ మరి, ఇది నోరు తెరిచి అంతా పుచ్చుకుంటుంటే.

ఊడదీసి, హార్డ్‌లైన్‌ని నేరుగా ఏరియల్‌కి కలిపాను. బావ ఇచ్చిన పొడవు చెడకుండా. డబ్బా జేబులో వేసుకున్నాను.

బావకి చెప్పాలా? ఏదో జాయింటు వదులైంది, బిగించాను అంటే సరిపోదూ? అక్క అడిగింది, "ఏంట్రా పైన?" "పావురాలు" అన్నాను.

జూన్ 15

ఈ రోజుది మొత్తం రాస్తాను.

పొద్దున్నే వెళ్లాను. బావ గోడవైపు. "జాయింటు వదులైంది బావా, బిగించాను, ఒక్కసారి నొక్కి చూడు" అన్నాను. చెయ్యి ఊపాడు, పో అన్నట్టు. బతిమాలాను. అక్క బతిమాలింది. లాభం లేదు.

తువ్వాలు తీసి నేనే సెట్టు వేశాను. పెద్దాయన మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ పలికారు. బావ పేరు వచ్చింది. నాకు కోడ్ రాదు. లైసెన్సు లేనివాడు కీ ముట్టుకోవడం బావ దృష్టిలో ఇంకొకడి పళ్లబ్రష్షు వాడటం లాంటిది. కూర్చుని రెండు వేళ్లతో ఇష్టమొచ్చినట్టు బాదాను.

చెయ్యి తీశాను. హోరు.

"ఎవరండీ అది?" అన్నాడు పెద్దాయన. "ఎవరో మూకుడు మీద గరిటె వాయిస్తున్నారు. దయచేసి ఆపండి."

బావ వీపు బిగుసుకుంది.

అంటే అవతలికి వెళుతోంది. అయినా బుద్ధి పోనిచ్చుకోకుండా ఇంకోసారి బాదాను, ఇంకా దరిద్రంగా.

"ఏ మానవుడండీ, చేతులా కాళ్లా అవి?"

కుర్చీ కింద పడిన చప్పుడు. బావ వచ్చి నన్ను భుజంతో తోసేశాడు. మొహం జేవురించింది. తన నాలుగు రోజుల పిలుపుకి నోరెత్తని మనిషి, ఈ గాడిద వాయింపుకి ఠక్కున జవాబిచ్చాడు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. నావైపు చూశాడు, సెట్టువైపు చూశాడు. తర్వాత కూర్చుని, మణికట్టు బల్లకి ఆనించి, పంపాడు.

నాకు కోడ్ రాదని చెప్పాను కదా. రాకపోయినా తెలిసింది. నాది చప్పుడు. ఇది నడక.

హోరు. చాలాసేపు హోరు. మళ్లీ పోయిందేమో అనుకున్నాను.

"అందరూ ఆగండి" అన్నాడు పెద్దాయన. గొంతు మారింది. "ఎవరూ బటన్ నొక్కొద్దు. ఈ చెయ్యి నాకు తెలుసు. గీత చివర కాస్త సాగదీస్తాడు, ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. నాయనా, నువ్వేనా?"

బావ నొక్కాడు. చిన్నది.

"అవునంటున్నాడు" అన్నాడు పెద్దాయన, కోడ్ రానివాళ్ల కోసం. "అవునంటున్నాడు."

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. అందరూ ఒకేసారి మాట్లాడితే సెట్టులో ఈల తప్ప ఏమీ రాదు, ఆ ఈలే వచ్చింది. సద్దుమణిగాక టైలరు గొంతు.

"అన్నగారూ, నమస్కారం. మీ బామ్మర్ది నిన్న నా కొట్టుకొచ్చి పెళ్లికొడుకు చొక్కా కాలరు పీకేశాడు. మీరు నొక్కుతుంటే మేం పలకడం లేదని. నేను పిచ్చుకపిల్ల సంగతి చెప్పగానే, 'ఒరేయ్ నా బుర్ర' అని కేకపెట్టి పరిగెత్తాడు. అసలు ఏం జరిగిందో కొంచెం అడిగి చెప్పరా?"

ఇంత తేటగా వినపడే తీగ వేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

బావ నెమ్మదిగా నావైపు తిరిగాడు. బస్టాండు మొత్తానికి వినపడేలా చూశాడు. జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

"బూస్టరు. మాది. ట్యాంకు మీద పెట్టాను. నీకు బాగా వినపడాలని."

తిప్పి చూశాడు. వాసన చూశాడు. నల్లబడ్డ ముక్కని గోటితో గీకాడు. ఇక పలక కోసం లేస్తాడు, లేకపోతే చెప్పు కోసం, అనుకున్నాను. భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. మెడ మీది గుడ్డముక్క పటపటా కొట్టుకుంది. భయపడి అక్కని కేకేశాను. అక్క పరిగెత్తుకొచ్చి చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా, కళ్లనీళ్లు కారేలా.

తుడుచుకుని కీ దగ్గరికి జరిగాడు. ఈసారి పొడుగ్గా పంపాడు. ఇంగ్లీషక్షరాల్లో తెలుగు మాటలు. అందినవి అందినట్టు పెద్దాయన పైకి చదివాడు. ఒక్కో మాటకీ మధ్య ఆగుతూ, చత్వారం ఉన్నవాడు ఉత్తరం చదివినట్టు.

"మా... బామ్మర్ది... ట్యాంకు మీద... డబ్బా... తగలేశాడు. నాలుగు రోజుల... నా మాటలు... అందులో... ఉన్నాయి. మీలో... ఎవరికైనా... కావాలంటే... వచ్చి... పట్టుకెళ్లండి."

గుంపంతా పగలబడింది. మందులషాపతను దగ్గడం మొదలుపెట్టాడు. ఊరందరినీ నవ్వులపాలు చేసినవాణ్ని, నా మీద ఊరు నవ్వడం నేనెప్పుడూ ఇంత దగ్గరగా వినలేదు. హార్డ్‌లైన్ మహిమ.

"ఏమన్నారూ?" అంది అక్క, నా చెయ్యి పట్టుకుని. "తగలేశాడు అన్నారా?"

"అన్నాడక్కా."

"ఆయనే. ఏదైనా పెట్టాడు అనరు ఆయన, తగలేశాడు అంటారు." గోడకి ఆనుకుంది. "ఎన్నాళ్లైందిరా ఆ మాట విని."

బావ అక్కవైపు చూశాడు. చూస్తూనే, కీ మీద చెయ్యి తియ్యకుండా, ఇంకో ముక్క పంపాడు. పెద్దాయన చదివాడు.

"మా ఆవిడ... గుమ్మంలో... నిలబడింది. కొంచెం... ఆగండి."

కీ వదిలి లేచి వెళ్లాడు.

సెట్టు వెలుగుతూనే ఉంది. పెద్దాయన, టైలరు, మందులషాపతను, మిగతావాళ్లు, ఎవరూ బటన్ నొక్కలేదు.